వరూధిని అంటే సేన

వరూధిని అంటే సేన అని నిఘంటువు చెబుతుంది. ఆ పేరు పెట్టిన ఇంట్లో మాత్రం ఆ అర్థం ఎవరికీ స్ఫురించదు. సంస్కృతంలో ‘వరూథము’ అంటే దెబ్బ తగలకుండా రథానికి బిగించే కాపు. ఆ కాపు గలది కనుక సేన ‘వరూథిని’ అయింది, అమరకోశమూ దాన్ని ధ్వజిని, వాహిని వంటి సేనావాచకాల సరసనే చేర్చింది. చైత్ర బహుళ ఏకాదశికి వరూథిని ఏకాదశి అన్న పేరులోనూ ఈ రక్షణార్థమే వినిపిస్తుంది. మూలంలోని ‘థ’ తెలుగువారి చేతిలో ‘ధ’ అయింది; ‘కథ’ను ‘కధ’గా రాసే అలవాటే ఇదీ కనుక, ఇప్పుడు ఏ వరూధినినో పట్టుకుని అక్షరం దిద్దుకొమ్మనడం పాండిత్యం కాదు, చాదస్తం.

పేరుకు అర్థం కోశంలో ఉన్నా, ప్రాణం కావ్యంలో ఉంది. వరూధిని కథ మార్కండేయ పురాణంలోది. తిక్కన శిష్యుడు మారన ఆ పురాణాన్ని తెలుగు చేసి కాకతీయ సేనాని గన్నయకు అంకితమిచ్చాడు. 16వ శతాబ్దిలో, కృష్ణదేవరాయల ఆస్థానకవి అల్లసాని పెద్దన ఆ కథనే మనుచరిత్రగా పెంచాడు. స్వారోచిషమనువు పుట్టుక చెప్పడానికి పుట్టిన కావ్యమే అయినా, పాఠకులు మనువు దాకా వెళ్ళేది తక్కువ, హిమాలయం దగ్గర ఆగిపోయేదే ఎక్కువ.

సిద్ధుడిచ్చిన పాదలేపం, అంటే కోరిన చోటికి చేర్చే కాలి పసరు, మంచుకు కరిగిపోగా హిమాలయంలో దారి తెలియక తిరిగే ప్రవరుడనే గృహస్థుకు అచ్చర వరూధిని ముందుగా కంటబడదు. కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు వాసన గాలిలో తేలివచ్చి, ఇక్కడెవరో ఉన్నారని చెబుతుంది. దారి చెప్పమన్న అతణ్ణి, అంతలేసి కళ్ళుండి దారి అడగడం ఒంటరి ఆడవారిని పలకరించే నెపమేనని మేలమాడి, ఆ తరువాతే ఆమె తన పేరు చెప్పుకుని, ఘృతాచి, తిలోత్తమ, రంభ తన ప్రాణసఖులంటుంది. అచ్చరల వరుసలో ఒకటిగా పోవలసిన పేరుకు ఇక్కడ ఒక గొంతు, కాస్త పొగరు వచ్చాయి.

సేన అని పేరున్నది ఒక్క గృహస్థు ముందు ఓడిందని చమత్కరించడం తేలికే. కానీ ప్రవరుడు ఆమెను తోసివేసి, అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరుకోగా, కవి మాత్రం ఆమె అవమానం దగ్గర, విరహం దగ్గర చాలాసేపు నిలిచాడు. ఆ వెనుక, ఆమె ఒకప్పుడు కాదన్న గంధర్వుడే ప్రవరుని రూపుతో వచ్చి వంచించాడు. వారికి పుట్టిన స్వరోచి కొడుకే స్వారోచిషుడు. కాపు అనే మాటలోంచి పుట్టిన పేరు గలదానికి ఆ వంచన నుంచి కాపు లేకపోయింది.

ద్రౌపది పేరుకు శకునం చూసి వెనకాడే ఇళ్ళు సైతం కూతుళ్ళకు వరూధిని అని పెట్టుకున్నాయంటే, అది అమరకోశం బలం కాదు, పెద్దన సానుభూతి బలం. నిగ్రహం చూపిన అతని పేరేమో ‘ప్రవరాఖ్యుడు’ అన్న ఎత్తిపొడుపుగా లోకంలో మిగిలింది. ఎస్వీ రంగారావు తొలిసారి తెరకెక్కింది ప్రవరుడుగానే. ఆ సినిమాకు పెట్టిన పేరు మాత్రం ‘వరూధిని’.