పేరున్న తుపాకి, గురున్న తుపాకి

2019లో మేమిద్దరం పెన్సిల్వేనియాలో మా అమ్మాయి యింట్లో ఆరునెల్లు వున్నాం. వెళ్ళిన వారానికే మా ఆవిడ పెరట్లో గోంగూర జల్లింది, చిక్కుడు పెట్టింది. ఆకు అరచెయ్యంత అయిందో లేదో, ఒకనాటి ఉదయం చూస్తే కాడలు మాత్రం నిలబడి వున్నాయి.

“ఏమండీ! యిక్కడా పందికొక్కులున్నాయండీ!” అని కేకేసింది.

పందికొక్కు కాదు. దాన్ని వుడ్‌చక్ అంటారు. చూడ్డానికి పందికొక్కుకి పెదనాన్నలా వుంటుంది గాని, నిజానికి అది ఉడత కుటుంబంలోది. రెండు కిలోలనించి ఆరు కిలోలదాకా తూగుతుంది. పట్టపగలే వచ్చి మేసి పోతుంది. మా పెరటికైతే అడుగు లోతున పాతిన యినపవల సరిపోయింది. రోడ్డుకి అవతల వంద ఎకరాలు సోయా చిక్కుడు వేసిన ముసలాయన ఎన్ని వలలని పాతుతాడు? పైగా ఆ కన్నాల్లో ట్రాక్టరు చక్రమో, ఆవు కాలో పడిందంటే కొంప మునిగినట్టే. ఆయనకి తుపాకి తప్పదు.

కంగారు పడకండి, నేను వేటగాణ్ణి కాను. ముప్పయ్యేళ్ళు కుర్రవాళ్ళకి లేతు మిషను పని నేర్పిన మేష్టర్ని. విజిటరు వీసామీద వెళ్ళినవాడు, వేట లైసెన్సులాంటి మినహాయింపు ఏదైనా వుంటే తప్ప, తుపాకి పట్టుకోకూడదని అక్కడి చట్టం. అంచేత యీ కథలో నా చేతిలో వున్నది వెర్నియర్ కాలిపర్సు ఒక్కటే.

పంటకి చేటు చేసే యిలాంటి చిల్లర జంతువులన్నిటినీ కలిపి వాళ్ళు ‘వార్మింట్’ అంటారు. వాటికోసం తయారైన రైఫిళ్ళు వేరే వున్నాయి. చిన్న గుండు, పెద్ద వేగం. ముసలాయన దగ్గర అలాంటివి రెండున్నాయి. రెండూ వాళ్ళ నాన్న ఒకరి చేతిలోంచి కొన్నవే. ఒకటి వించెస్టర్ మోడల్ 70, ‘.220 స్విఫ్ట్’ తూటాది. ఆ తూటా 1935లో వచ్చింది. సెకనుకి నాలుగువేల అడుగులు దాటే వేగం దానిది. రెండోది రెమింగ్టన్ 722. అది 1948లో చవగ్గా అమ్మడానికి చేసిన సాదా రకం. 1950లో వచ్చిన ‘.222’ తూటాకి చేసినది యీయన దగ్గరున్నది.

గొడ్లకొట్టాం పైకప్పు కురుస్తోంది. ఒక తుపాకి అమ్మాలి. ఏది?

“వించెస్టర్ వుంచుకో తాతా” అన్నాడు మనవడు. ఊళ్ళో అందరూ అదే మాట. 1964లో కంపెనీవారు ఖర్చు తగ్గించడానికి మోడల్ 70 తయారీ పద్ధతిని మార్చారు. అప్పట్నించి ‘అరవైనాలుగుకి ముందుది’ అనేది ఒక బిరుదైపోయింది, మనవాళ్ళు పాత టేకు అన్నట్టు. నిగనిగలాడే వాల్‌నట్ చెక్క, వెన్నలా జారే బోల్టు. నాకూ కన్ను చెదిరింది. 722 పిడికి ఓ మూల పెచ్చు వూడింది. దుకాణంవాడు దీనికి చెప్పింది దాని ధరలో నాలుగోవంతు కూడా లేదు.

ముసలాయన మాత్రం, “నాకు గురి కావాలి” అన్నాడు. ముందటి వేసవిలో ఆయన కాల్చిన గుండు ఒక వుడ్‌చక్‌కి వెనకపక్క తగిలింది. అది యీడ్చుకుంటూ కన్నంలోకి పోయింది. ఆయన సాయంత్రందాకా ఆ కన్నం దగ్గర కూచున్నాడట. అది మళ్ళీ పైకి రాలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నావంక చూడలేదు.

నూరు గజాల దూరాన కాగితం కట్టి, యిసకసంచుల మీద ఆన్చి, ఒక్కొక్కదానితో అయిదేసి గుళ్ళు కాల్చాడు. చిల్లుల మధ్య దూరం కొలవడం నా వంతు. నూరు గజాల దగ్గర అంగుళం చెదిరేది రెండువందల గజాలకి రెండంగుళాలవుతుంది. జంతువు తల చూడబోతే మన గుప్పెడంత. మొదటిరోజు స్విఫ్ట్ రెండుముప్పావు అంగుళాలు చెదిరింది, 722 రెండంగుళాలు.

“పాతవి కదా” అన్నాడు మనవడు.

అక్కడే నాలో మేష్టరు లేచాడు. పాత మిషను తప్పు చేస్తే వయసుమీద నెట్టకూడదు, ముందు తుడిచి చూడాలి. అమ్మోనియా కలిసిన మందుతో రెండు సాయంత్రాలు గొట్టాలు తుడిపించాను. గుడ్డ నీలంగా వస్తూనే వుంది. అంతా గుళ్ళ పైతొడుగు తాలూకు రాగి, ఏళ్ళతరబడి పేరుకున్నది. తరవాత మరలు చూస్తే, యినుముని చెక్కకి పట్టివుంచే మర ఒకటి వదులైంది. 722 గొట్టానికీ కింది చెక్కకీ మధ్య ఒక నోటు దూర్చబోతే దూరలేదు. వానాకాలంలో మన తలుపులు బిగుసుకోవూ? అదే. చెక్క చెమ్మ పీల్చి ఉబ్బి, గొట్టాన్ని ఒకపక్కకి నెడుతోంది. గరుకు కాగితంతో అరగదీశాడు.

రెండోసారి 722 అయిదు గుళ్ళూ ముప్పావు అంగుళంలో పెట్టింది. నేను మూడుసార్లు కొలిచాను. స్విఫ్ట్ మాత్రం రెండున్నర దగ్గరే ఆగింది.

మనవడు సన్న తీగ చివర కెమెరా వుండే పరికరం తెచ్చి గొట్టంలోకి దూర్చాడు. తూటా దాటగానే, మెలికగాళ్ళు మొదలయ్యే చోట, లోహమంతా ఎండిన చెరువులా బీటలు వారి వుంది. అంత వేగానికి అంత మందు, అంత వేడి. స్విఫ్ట్‌లన్నీ యింతేననను. గొట్టాన్ని చల్లారనిస్తూ నిదానంగా కాల్చినవారి దగ్గర యివాళ్టికీ చక్కగా కొట్టేవి వున్నాయి. యీ తండ్రిగారికి నిదానం తక్కువట.

పేరు చూసి ధర కట్టడంలో రెండోవైపూ వుంది. 1955లో వించెస్టర్‌వారు ‘.243’, రెమింగ్టన్‌వారు ‘.244’ తెచ్చారు. రెండూ యించుమించు ఒకటే కొలత. రెమింగ్టన్‌వారు వుడ్‌చక్‌లనే దృష్టిలో పెట్టుకుని గొట్టంలో మెలికని పన్నెండంగుళాలకి ఒకటిగా పెట్టారు. అవతలివారిది పదికి ఒకటి. జనానికి అదే తుపాకితో జింకని కూడా కొట్టాలని. జింకకి వాడే బరువు గుళ్ళు నెమ్మది మెలికలో నిలకడగా పోవు. దాంతో .244కి చెడ్డపేరొచ్చింది. 1963లో మెలిక మార్చి, పేరుకూడా మార్చి మళ్ళీ అమ్మవలసి వచ్చింది. చిన్న గుళ్ళతో అసలు పనికి అది బంగారంలాంటిదే!

వించెస్టర్ కొనడానికి పాతవి పోగుచేసే ఒకాయన వచ్చాడు. చెక్కని నిమిరాడు, నెంబరు చూశాడు, తల వూపాడు. గొట్టం సంగతి అడగలేదు. ముసలాయన లోపలికెళ్ళి చిల్లుల కాగితం తెచ్చి తుపాకి పక్కన పెట్టాడు. మనవడు తెలుగువాడైతే నెత్తి బాదుకునేవాడే. ఆ దేశంవాడు గనక టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. వచ్చినాయన కాగితం చూసి, కొత్త గొట్టం ఖరీదు తగ్గించుకుని తక్కింది లెక్కపెట్టి యిచ్చాడు.

“ఆయన అడగలేదుగా?” అన్నాను, ఆయన కారు వెళ్ళాక.

“రేపెప్పుడో ఆయన దాంతో దేన్నయినా కాలిస్తే?” అన్నాడు ముసలాయన.

ఆ డబ్బుకి కొట్టాం కప్పులో సగానికే రేకులొచ్చాయి. మేం బయల్దేరేనాటికి తక్కిన సగంమీద నీలం టార్పాలిన్ కప్పి వుంది. అది మా అమ్మాయి వంటింటి కిటికీలోంచి కనిపించేది.