కరణాలు మారాయి, కర్త మారలేదు



ఒక ఆదివారం అబిడ్స్ కాలిబాటపై పరచిన పాత పుస్తకాల నడుమ ఐజాక్ అసిమోవ్ రచించిన ‘ఐ, రోబో’ నా కంటబడింది. అందులోని ‘ఎవిడెన్స్’ (అనగా సాక్ష్యం) 1946 నాటి కథ. ఎన్నికలలో నిలిచిన ఒక న్యాయవాది మనుష్యుడా, యంత్రమా అన్నదే అందలి వివాదం. యంత్రమైతే అంతకంటె ఉత్తమ పాలకుడు ఉండడని, అది అవినీతికి లోబడజాలదని అందులోని శాస్త్రజ్ఞురాలి అభిప్రాయం.

ఆ కల్పన నేడు ప్రభుత్వ ప్రకటనగా పరిణమించింది. 2025 సెప్టెంబరులో అల్బేనియా ప్రధాని ఎడి రామా ‘డియెల్లా’ అనే కృత్రిమ మేధను ప్రభుత్వ టెండర్లకు మంత్రిగా ప్రకటించారు. “అట్టి నిర్లోభ యంత్రం మనకూ లభిస్తే!” అని నిట్టూర్చే ఆస్తికులు మనలోనూ ఉన్నారు. ఆ నిట్టూర్పుతోనే నా వివాదం.

వ్యాకరణంలో కరణమంటే సాధనం. మన పల్లెలలో కరణమంటే భూముల లెక్కలు వ్రాసే ఉద్యోగి. ఆ లెక్కలు తారుమారు చేస్తాడన్న అపకీర్తి ఆయనకుండేది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ పదవినే రద్దు చేసింది. 1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ కార్యాలయాలలో ‘కార్డ్’ పేరిట కంప్యూటర్లు ప్రవేశించాయి. పారదర్శకత వస్తుందని, దళారులు తొలగిపోతారని ఆశించారు. 2004లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో జొనాథన్ కేస్లీ ప్రచురించిన అధ్యయనం మాత్రం దస్తావేజు లేఖరుల మధ్యవర్తిత్వమూ, ముడుపులూ కొనసాగుతూనే ఉన్నాయని తేల్చింది. మానవకరణం పోయింది, యంత్రకరణం వచ్చింది. మూడవ కరణమైన అంతఃకరణాన్ని ఎవరూ ముట్టలేదు.

“అందరి అంతఃకరణాలూ శుద్ధమయ్యేదాకా వేచి ఉండాలా?” అని పూర్వపక్షం. అవసరం లేదు. కౌటిల్యుడు వేచి ఉండలేదు. అధికారులు ధనం హరించే మార్గాలను నలభైగా లెక్కించి, తనిఖీనీ దండననూ విధించాడు. యంత్రాన్ని ఆ తనిఖీకి వాడుకోవడం ధర్మమే. అయితే ఆ అర్థశాస్త్రమే ప్రథమాధికరణంలో రాజుకు ఇంద్రియజయాన్ని విధించింది. యంత్రానికి నియమాలు వ్రాసేవాడు, వివరాలు అందించేవాడు మనుష్యుడే. వానికి లోభముంటే యంత్రం ఆ లోభానికే నిష్పక్షపాతంగా సేవ చేస్తుంది.

ఇతరులను దూషించి ఊరుకోను. నా ఇంటి రిజిస్ట్రేషన్ నాడు లేఖరి ‘పైఖర్చులు’ అన్నాడు. రసీదు అడుగక ఇచ్చాను. ఆ సాయంకాలమే సాక్షిచైతన్యంపై ప్రవచనం విని తలయూపాను. ఆనాడు ఎదుట కంప్యూటర్ ఉన్నది. లోపల సాక్షి ఉన్నాడు. లోపమెక్కడ?

అబిడ్స్ నుండి కాలినడకన చేరదగిన నాంపల్లి న్యాయస్థానాలలో అవినీతి అభియోగాలపై విచారణలు జరుగుతుంటాయి. యంత్రం అక్కడ అంకెలను, దృశ్యాలను సమర్పించగలదు. “నన్ను లంచమడిగారు, నేను ఇవ్వలేదు” అని బోనెక్కి చెప్పవలసినవాడు మాత్రం మనుష్యుడే. యంత్రావతారం కోసం ఎదురుచూడడం ఆ బోను ఎక్కకుండా తప్పించుకొనే ఉపాయం. దానికి భక్తి అని పేరు పెట్టకండి.

తదుపరి ‘పైఖర్చు’ అడిగిననాడు రసీదు అడుగుదాం. మన సాధన అక్కడ ఆరంభం.

స్వస్తి.