దింపడం వచ్చు, తీయడం రాదు

రాయలసీమ నీటి కష్టం మీద మన మ్యాగజైన్‌లో కవితలు చాలానే వచ్చాయి. ఆ కష్టంలో ఒక ఇంజనీరింగ్ ముక్క ఉంది, దాని గురించి మాట్లాడుకుందాం: బోరులో ఇరుక్కుపోయిన మోటర్. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మన రైతుల బోరు సామాన్లన్నీ కిందికి దింపడానికే పనికొచ్చేలా ఉన్నాయి. పైకి తీయడం గురించి ఎవరూ ఆలోచించి చేసినట్టు లేదు. ఇది మనం చేయగలిగిన పని.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పైన నల్లరేగడో ఎర్రమట్టో ఉంటుంది, కింద గ్రానైట్ రాయి. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు అందని పొలాలకు బోరే దిక్కు. బోరు బండి మామూలుగా ఆరున్నర అంగుళాల రంధ్రం వేస్తుంది. పైన మెత్తటి పొర ఉన్నంతవరకే కేసింగ్ పైపు. దాని కింద అంతా ఉత్త రాతిగోడ. నీళ్లొచ్చేది ఆ రాతి పగుళ్ల నుంచే, రాళ్లు ఊడిపడేదీ అక్కడి నుంచే.

నాలుగు అంగుళాల మోటర్‌కైతే చుట్టూ అంగుళంపావు సందు ఉంటుంది. ఆరు అంగుళాల రకానికి అర అంగుళం కూడా మిగలదు. ఆ సందులో ఒక్క రాయి పడితే చీల కొట్టినట్టు బిగుస్తుంది. బోరు కాస్త వంకరగా ఉంటే పంపు ఒక గోడకు ఆనుకునే పైకి వస్తుంది, కేసింగ్ కింది అంచుకు తగులుకుంటుంది. ఇంకా లాగితే పైపు జాయింట్ దగ్గర తెగుతుంది.

మా పెదనాన్న పొలంలో ఇదే జరిగింది. చైన్ బ్లాక్ పెట్టి లాగితే పైపు వచ్చింది, మోటర్ రాలేదు. కొక్కేల గాలం వేసి రెండు రోజులు తడిమారు. తగులుతుంది, పట్టు దొరకదు. చివరికి "పాయెలేప్పా" అని వదిలేసి, పక్కనే ఇంకో బోరుకు కొబ్బరికాయతో పాయింట్ చూపించారు. మోటర్ పోయింది, నీళ్లున్న బోరూ పోయింది, అప్పు మాత్రం ఉంది.

ఇప్పుడు గోదావరి జిల్లాల వైపు చూడండి. అక్కడ ఓఎన్‌జీసీ ఆయిల్, గ్యాస్ బావులు వేల మీటర్ల లోతు పోతాయి. ఆయిల్ బావిలో సామాను తెగిపడితే తీయడానికి ఓవర్‌షాట్ అనే పనిముట్టు ఉంది. దాని కింది అంచు ఏటవాలుగా కోసి ఉంటుంది కాబట్టి, గోడకు ఒరిగిన ముక్కను కూడా తిప్పుతూ తన నోట్లోకి తెచ్చుకుంటుంది. లోపల కోసుగా ఉన్న గిన్నెలో పళ్ల పట్టీ ఉంటుంది. జారుముడి లాగా, పైకి లాగేకొద్దీ బిగుస్తుంది. ముక్క కదలకపోతే తిప్పి పట్టు వదిలించుకుని బయటికి రావచ్చు. ఈ చివరిది చాలా ముఖ్యం. లేకపోతే తీయడానికి వెళ్లినదీ అక్కడే ఉండిపోతుంది.

అంతకంటే నాకు నచ్చింది ఫిషింగ్ నెక్. ఆయిల్ బావిలోకి దింపే చాలా పనిముట్ల తల మీద తెలిసిన కొలతలో ఒక మెడ ఉంటుంది. ఎప్పుడైనా తీయాల్సి వస్తే దేనితో పట్టుకోవాలో ముందే తెలుసు. సీఎస్ఈ వాళ్ల భాషలో ఇది ఇంటర్‌ఫేస్. మన బోరు పంపుకు అది లేదు. తల మీద విరిగిన పైపు ముక్క, కేబుల్, తాడు చిక్కుపడి ఉంటాయి. చీకట్లో, నీళ్లలో, కొన్ని వందల అడుగుల కింద దాన్ని ఎలా పట్టుకుంటారు?

"ఆయిల్ కంపెనీ పనిముట్టు రైతుకెందుకు, మోటర్ కంటే దానికే ఎక్కువ అవుతుంది" అంటారు. నిజమే, రైతు కొనక్కర్లేదు. మోటర్లు ఎత్తే మెకానిక్ దగ్గర ఒకటి ఉంటే చుట్టుపక్కల ఊళ్లకు సరిపోతుంది. పంపు తల మీద మెడ అంటే పోత పోసేటప్పుడు కాస్త ఎక్కువ ఇనుము, అంతే.

తీయడాన్ని ముందే ఆలోచించి డిజైన్ చేయడం మన దేశానికి కొత్త కూడా కాదు. యూనిసెఫ్ సాయంతో 1970లలో తయారైన ఇండియా మార్క్ 2 చేతిపంపుకు లోపల రిపేర్ వస్తే పైపులన్నీ పైకి లాగాలి. తర్వాత వచ్చిన మార్క్ 3లో పైపును వెడల్పు చేశారు, పిస్టన్, కింది వాల్వు ఆ పైపులోంచే పైకి వచ్చేస్తాయి. వెడల్పు పైపుకు ఖర్చు ఎక్కువే. కానీ ఊరివాళ్లే రిపేర్ చేసుకోవడం తేలికైంది.

మనం ఏం చేస్తున్నాం? ప్రతి హ్యాకథాన్‌లో మోటర్‌ను ఫోన్‌తో ఆన్ చేసే యాప్ ఒకటి. మోటర్ పైకి రాకపోతే ఆ యాప్ దేన్ని ఆన్ చేస్తుంది?

కాబట్టి మెకానికల్ మిత్రులకు నా ప్రతిపాదన. ఆరున్నర అంగుళాల లోపలి కొలత ఉన్న పైపును కాస్త ఒరిగేలా నిలబెడదాం. అందులో పాత మోటర్ ఒకటి వేసి, సందులో నాలుగు కంకర రాళ్లు పోద్దాం. ఏటవాలు నోరు, బిగిసే పళ్లు, వదిలే మార్గం, ఈ మూడూ ఉన్న పనిముట్టు వెల్డింగ్ షాపులో చేయించి, కంటికి కనబడకుండా పైనుంచి ఎన్నిసార్లు పట్టుకోగలమో లెక్కపెడదాం. కెమెరా, సెన్సార్ పని నేను చూసుకుంటా. మినీ ప్రాజెక్టుకు టాపిక్ వెతుకుతున్న వాళ్లు చెప్పండి.