“ఏం పని చేశావు?” అని అడగని వైద్యం

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కానీ అక్కడ పనిచేసినవారి ఊపిరితిత్తుల్లో చేరిన రాతిధూళి ఇంకా తన పని తాను చేసుకుపోతూనే ఉంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రాత్రి పడుకుంటే దగ్గు. ఆసుపత్రికి వెళితే ఒకరు వయసు అంటారు, ఒకరు బీడీ అంటారు, మరొకరు ఉబ్బసం అంటారు. ఇంకొకచోట టీబీ మందులు మొదలుపెడతారు. కోర్సు పూర్తయినా ఆయాసం తగ్గదు. అసలు జబ్బు పేరు తెలిసేసరికి ఇంట్లో డబ్బూ అయిపోతుంది, ఒంట్లో శక్తీ అయిపోతుంది. చాలామందికి ఆ పేరు తెలియకుండానే సమాధి తవ్వవలసి వస్తుంది.

ఆ జబ్బు పేరు సిలికోసిస్. కోలారు బంగారం గట్టి రాయిలో, పలుగురాయి పొరల్లో దొరికేది. చాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, రాతికి రంధ్రాలు వేసి, మందుగుండుతో పేల్చి తీసేవారు. అప్పుడు లేచే సిలికా ధూళిలో కంటికి కనిపించని రేణువులు ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళి అక్కడే ఉండిపోతాయి. వాటి చుట్టూ మచ్చలు కట్టి, ఊపిరితిత్తి మెల్లగా గట్టిపడుతుంది. పని మానేసిన పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో కూడా జబ్బు బయటపడవచ్చు, ముదరవచ్చు. పూర్తిగా నయం చేసే మందు లేదు. అయితే ముందే తెలిస్తే ధూళికి దూరంగా ఉండవచ్చు, టీబీ రాకుండా కనిపెట్టుకోవచ్చు, న్యాయంగా రావలసిన పరిహారం అడగవచ్చు. ఆలస్యమైతే ఇవన్నీ చేజారిపోతాయి.

ఎక్స్‌రేలో సిలికోసిస్, టీబీ ఒకదానికొకటి దగ్గరగా కనిపించవచ్చు. పైగా సిలికోసిస్ ఉన్నవారికి టీబీ సోకే ప్రమాదమూ ఎక్కువే. కాబట్టి ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు. ఈ చిక్కు విప్పేది ఒక చిన్న ప్రశ్న: “నువ్వు ఏం పని చేశావు?” ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో పనివారి జబ్బుల మీద పుస్తకం రాస్తూ, రోగిని ఈ ప్రశ్న తప్పక అడగాలని తోటి వైద్యులకు చెప్పాడు. మూడు వందల ఏళ్ళు దాటినా మన ఓపీ చీటీలో ఆ ప్రశ్నకు చోటు లేదు.

ఇది తెలియక జరిగింది కాదు. మన దేశంలో సిలికోసిస్‌ను మొదట గుర్తించింది కోలారు గనుల్లోనే, 1947లోనే, అని వైద్య విద్యార్థులు చదువుకుంటారు. గని కార్మికుల ఆరోగ్యం కోసం 1990లో ఏర్పడిన జాతీయ సంస్థకు కె.జి.ఎఫ్.లో ప్రయోగశాల ఉండేది. గనిలో పనిచేస్తున్నవారికే కాదు, ఒకప్పుడు పనిచేసినవారికి ఇలాంటి జబ్బు ఉందని అనుమానం వచ్చినా వైద్యుడు ప్రభుత్వానికి తెలపాలని 1952 గనుల చట్టం రాసింది. కానీ ఈ ఏర్పాటంతా గని నడిచినన్నాళ్ళే నిలిచింది. గనితోపాటు కంపెనీ ఆసుపత్రీ మూతపడింది. ధూళి మాత్రం కార్మికుడితో ఇంటికి వచ్చింది.

ఆ గనుల్లోకి దిగినవారు ఎవరు? ఉత్తర ఆర్కాటు నుండి, చిత్తూరు వైపు నుండి వలస వచ్చిన పేదలు, ఎక్కువమంది దళితులు. వారి పాటలతో, ప్రార్థనలతో అక్కడి సంఘాలు పెరిగాయి. కె.జి.ఎఫ్.లో తెలుగు పాకీ కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్‌ను మన యువత ఎరుగుదురు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. పైవాళ్ళు ఒప్పుకోని పాకీ దొడ్లను ఫొటోలు తీసి, లెక్కగట్టి, లోకం ముందు పెట్టారు. ఊపిరి విషయంలోనూ మనకు కావలసింది అదే. లెక్కలోకి రాని రోగికి న్యాయం జరగదు.

ఇది ముసలివారి సంగతేలే అనుకోవద్దు. కోలారు జిల్లా రాతి క్వారీల్లో, క్రషర్లలో ఈనాటి యువకులు అదే ధూళి పీలుస్తున్నారు. మాలూరు తాలూకా శివారపట్నలో దేవుడి విగ్రహాలు చెక్కే శిల్పుల ముందున్నదీ రాతిపొడే. వీరిలో చాలామందికి గని కార్మికుడికి ఉన్నపాటి హాజరు పుస్తకం కూడా లేదు. కె.జి.ఎఫ్. సైనైడ్ దిబ్బలను మళ్ళీ తవ్వించాలనే ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది. దిబ్బ కదిపేముందు చుట్టూ ఉన్న జనం ఊపిరితిత్తులను పరీక్షించాలి, ఆ వివరాలు ప్రజల ముందుంచాలి.

అసాధ్యమేమీ కాదు. రాజస్థాన్ 2019లో ఈ జబ్బుల కోసం ప్రత్యేక విధానం తెచ్చింది. ధ్రువీకరించిన రోగికి 3 లక్షల రూపాయలు, మరణిస్తే కుటుంబానికి మరో 2 లక్షలు ఇవ్వాలని నిర్ణయించింది. టీబీ రోగికి దేశమంతటా రిజిస్టరు ఉంది, పోషణ సాయం ఉంది. ధూళి రోగికీ అలాంటి రిజిస్టరు కావాలి. కోలారు జిల్లా ఆసుపత్రిలో వారంలో ఒక రోజు మాజీ గని కార్మికులకు, క్వారీ పనివారికి కేటాయించాలి.

ప్రభుత్వం కదిలేలోగా సంఘం చేయగలిగిన పని ఉంది. యౌవనస్థులారా, ఇంటింటికీ వెళ్ళండి. తాతయ్య ఏ గనిలో, ఎన్నేళ్ళు, ఏ పని చేశాడో ఒక కాగితం మీద రాయండి. పాత గుర్తింపు కార్డు, జీతం చీటీ, పాత ఎక్స్‌రేలు ఒక సంచిలో భద్రం చేయండి. వాటితో ఆసుపత్రికి తోడు వెళ్ళి, “డాక్టరుగారూ, ఈయన రాతిధూళిలో పనిచేశారు” అని మొదటి మాటగా చెప్పండి. ఎక్స్‌రేతోపాటు ఊదుడు పరీక్ష, కళ్ళె పరీక్ష కూడా అడగండి. టీబీ మందులు వాడుతున్నవారు వాటిని సొంతంగా ఆపకూడదని చెప్పండి. జబ్బు ఏమిటో తేలితే దాన్ని కాగితం మీద రాసి ఇమ్మని అడగండి.

రోగి కోసం మోకరించడం మంచిదే. మంచి సమరయుడు మాత్రం గాయపడినవాడిని పూటకూళ్ళ ఇంటిదాకా చేర్చి, ఖర్చు కూడా తానే పెట్టుకున్నాడు. మన సంఘాల్లో వెనుక బల్లమీద కూర్చుని, పాటలో సగం చరణానికే ఊపిరి అందక ఆగిపోయే పెద్దాయన ఉంటే, వచ్చే ఆదివారం ఆయన పక్కన కూర్చోండి. ఏ ఆసుపత్రీ అడగని ఆ ప్రశ్న మీరు అడగండి.