నవ్విన నాపచేను

నేను ఎనిమిదవ తరగతి చదువుచున్న దినములలో జరిగిన యొక చిన్న సంగతి నేటికిని నా మనస్సును వీడలేదు. ఒకనాడు మా ఆంగ్లోపాధ్యాయుడు పుస్తకమును మూసి, "మీ మీ కుటుంబములను గూర్చి ఆంగ్లమున నాలుగు మాటలు చెప్పుడు" అని కోరెను. ముందు వరుసలోని బాలుడొకడు లేచి, గైడు పుస్తకములోని వ్యాసమును ఒక్క తప్పు లేకుండ అప్పగించెను. ఆ వ్యాసములోని తండ్రి ఇంజనీరు. మా మిత్రుని తండ్రియో, ఊరి కూడలిలో కిరాణాకొట్టు నడుపుచుండెను. ఆ సంగతి తరగతిలో అందరమును ఎరుగుదుము. అయినను "భేష్" అనుకొంటిమి. పిదప చివరి బల్లపై కూర్చుండు రైతుబిడ్డ యొకడు మెల్లగా లేచి, కొంతసేపు పెదవులు కదలించి, "మై ఫాదర్ ఫార్మర్" అనెను. తరగతి యంతయు గొల్లుమని నవ్వెను. నవ్వినవారిలో నేనును ఒకడను. ఆ బాలుడు తలవంచుకొని కూర్చుండెను. ఆ సంవత్సరము ముగియువరకు ఆంగ్లపు గంటలో అతడు మరల నోరు విప్పలేదు.

ఆనాడు మాకు తోచని ప్రశ్న యొకటి ఇప్పుడు తోచుచున్నది. ఆ ఇద్దరిలో ఆంగ్లము మాటలాడినవాడెవడు? మొదటివాడు తప్పు లేని అసత్యమును అప్పగించెను. రెండవవాడు ఒకటి రెండు చిన్న మాటలు లోపించిన సత్యమును పలికెను. భాష యనగా మనసులోని మాటను ఎదుటివానికి తెలియజేయు సాధనమైనచో, ఆనాడు ఆంగ్లము మాటలాడినవాడు ఆ రైతుబిడ్డయే.

అతని తప్పు సైతము తెలివితక్కువ తప్పు కాదు. తెలుగున "మా నాన్న రైతు" అనునది సంపూర్ణమైన వాక్యము. అందు క్రియాపదము లేదు. ఉండవలసిన అవసరమును లేదు. ఆంగ్లమున ఇట్టి వాక్యమునకు నడుమ "ఈజ్" అను పదము ఉండి తీరవలెను. అతడు తన భాషలోని కట్టుబాటును ఆంగ్లమునకు అన్వయించెను. అనగా, ఎవరో వ్రాసిన వాక్యమును వల్లింపక, తానే యొక వాక్యమును కట్టబూనెను. ఇటువంటి చిక్కులు ఇంకను పెక్కు గలవు. తెలుగున క్రియ సాధారణముగా వాక్యము చివర నుండును. ఆంగ్లమున అది కర్త వెంటనే వచ్చును. తెలుగు మాటలు చాలవరకు అచ్చుతో ముగియును; కనుకనే మనము బస్సు, కారు, పెన్ను అని పలుకుదుము. తెలుగును వ్రాసినట్లు చదువుదుము. ఆంగ్లమున వ్రాత యొకటి, పలుకు మరియొకటి. "నైఫ్" అను మాటకు ముందు పలుకని అక్షర మొకటి ఊరక కూర్చుండును. ఇన్ని భేదములు గల భాషను నేర్చువాడు తప్పులు చేయుట వింత కాదు, చేయకుండుటయే వింత.

కావున నా అభిప్రాయమును ముందుగానే చెప్పెదను. మన బాలబాలికలు ఆంగ్లము నేర్చుటకు పెద్ద అడ్డంకి ఆ భాషలోని కాఠిన్యము కాదు; తోటివారి నవ్వు. ఆ నవ్వునకు వెరచియే వారు కంఠపాఠమును ఆశ్రయింతురు. కంఠపాఠము మార్కులను ఇయ్యవచ్చును గాని భాషను ఇయ్యజాలదు.

ఈ సంగతిని గురజాడ అప్పారావుగారు ఎన్నడో గుర్తించిరి. 1909లో విస్తృతరూపమున వెలువడిన "కన్యాశుల్కము" నాటకములో, వెంకటేశము తల్లి తన కుమారుని ఆంగ్లమును వినవలెనని ముచ్చటపడును. అప్పుడు గిరీశమును వెంకటేశమును తమకు నోటికి వచ్చిన పాఠముల ముక్కలను సంభాషణవలె ఒకరికొకరు అప్పగించుకొందురు. ఒకని మాటకును వేరొకని మాటకును పొంతన యుండదు. తల్లి మాత్రము తన బిడ్డ పెద్ద చదువు చదివెనని మురిసిపోవును. మనము ఆ ఘట్టమును చదివి కడుపుబ్బ నవ్వుదుము. గైడులోని తండ్రిని తన తండ్రిగా చెప్పుకొన్న నా సహాధ్యాయికిని ఆ వెంకటేశమునకును భేదమెంత? నవ్వవలసిన చోట మేము మెచ్చుకొంటిమి. మెచ్చుకొనవలసిన చోట నవ్వితిమి.

మరి భాష యెట్లు అబ్బును? మొదటి మార్గము పఠనము. పఠన మనగా పరీక్షకొరకు ఒకే పాఠమును పదిమార్లు చదువుట కాదు. తరువాత ఏమి జరుగునో అను కుతూహలముతో కథలను చదువుట. దీనికి ఒక నిదర్శనము గలదు. ఫిజీ దీవులకు గడచిన శతాబ్ది ఆరంభమున మన తెలుగువారును కూలిపనులకై వలసపోయిరి. ఆ దేశమున 1980వ సంవత్సరమున వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ అను విద్యావేత్తలు పల్లె బడులలోని బాలురపై ఒక పరిశీలన జరిపిరి. ఆ బాలురకు ఇంటిభాష వేరు. ఆంగ్లము బడిలో నేర్చునది. కొన్ని తరగతులకు బొమ్మలతో కూడిన 250 ఆంగ్ల కథాపుస్తకములను ఇచ్చి, ప్రతిదినము కొంతసేపు వానిని చదువనిచ్చిరి. మిగిలిన తరగతులలో పాఠములు యథాప్రకారము జరిగినవి. కొన్ని నెలలు గడచుసరికి కథలు చదివినవారు చదివి గ్రహించుటయందు ఇతరులకంటె ఇంచుమించు రెండింతలు వేగముగా ముందుకు సాగిరి. మరుసటి యేటికి వ్రాయుటయందును వారిదే పైచేయి అయ్యెను. మనసు కథపై నుండగా, మాటలు తమంత తామే లోనికి ప్రవేశించును.

మొదట చదువు పుస్తకము సులభమైనదిగా నుండవలెను. పరిచితమైన కథయైనచో మరింత మేలు. తెనాలి రామకృష్ణుని కథయో, పరమానందయ్య శిష్యుల కథయో ఆంగ్లమున కనబడినచో విడువరాదు. కథ ముందే తెలిసియుండుటచే తెలియని మాటల అర్థము కూడ ఊహకు అందును. ప్రతి మాటకును నిఘంటువును తెరచువాడు కథను పోగొట్టుకొనును. ఊహించుచు సాగిపోయి, మరల మరల ఎదురైన మాటను మాత్రము వెదకిన చాలును. చదివిన కథను పక్కనున్న మిత్రునికి చెప్పవలెను. చెప్పునపుడే మనకు తెలిసినదెంతో, తెలియనిదెంతో తేటపడును.

రెండవ మార్గము పాఠశాలలోని కార్యక్రమములు. ప్రార్థనాసమావేశమున వార్తలు చదువుట, గోడపత్రికకు వ్రాయుట, చర్చలలో పాల్గొనుట, నాటకము లాడుట మొదలైనవి వేడుకకు మాత్రమే కావు. వీనియందు భాషకు ఒక పని యుండును. పని యున్నచోట మాట తనంత తాను పుట్టును. దీనికి మరల నా సహాధ్యాయినే సాక్షిగా చూపెదను.

మరుసటి సంవత్సరము మాకు వేరొక ఉపాధ్యాయుడు వచ్చెను. పాఠశాల వార్షికోత్సవమునకు ఆయన అంగడిలో వంకాయల బేరమును గూర్చి ఒక చిన్న ఆంగ్లనాటికను తానే వ్రాసెను. రైతు పాత్రను ఎవ్వరును ఊహింపని విధమున ఆ చివరి బల్ల బాలునికి ఇచ్చెను. "బేరమాడుట నీకంటె ఎవ్వరికి తెలియును?" అనెను. ప్రదర్శననాడు వర్తకుని వేషము వేసినవాడు వంకాయను ఎత్తి చూపి, ఇందులో పురుగున్నదని గద్దించెను. ఆ చోట రైతు పలుకవలసిన వాక్యము మావాడు మరచెను. ఒక్క క్షణము తడబడి, "వర్మ్ నో గుడ్ బ్రింజాల్" అనెను. మంచి వంకాయ యేదో పురుగునకు తెలియునని వాని భావము. ఆవరణ మంతయు నవ్వులతో మారుమ్రోగెను. అదియు నవ్వే, కాని మొదటి నవ్వు వాని తప్పును చూచి పుట్టినది, ఈ నవ్వు వాని చమత్కారమును విని పుట్టినది. ఆ వాక్యమునందును వ్యాకరణదోష మున్నది. దాని నెవ్వరును లెక్కింపలేదు. ఆ దినము మొదలు అతడు మరల మౌనము వహింపలేదు.

తప్పులను ఇట్లు మన్నించినచో అవి వేరూనవా అని కొందరు పెద్దలు శంకింతురు. ఆ శంక త్రోసివేయదగినది కాదు. తప్పును దిద్దవలసినదే. కాని దిద్దుటకును పరిహసించుటకును చాల దూరమున్నది. "మై ఫాదర్ ఫార్మర్" అన్న బాలునితో ఉపాధ్యాయుడు, "ఓహో, యువర్ ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్! ఏ పంట వేసినాడు?" అని యడిగినచో దిద్దుటయు జరిగెను, సంభాషణయు సాగెను. అట్లు దిద్దబడినవాడు మరల మాటలాడును. మాటలాడువానినే దిద్దుట సాధ్యము. నోరు మూసికొన్నవాని తప్పులను ఎవరు దిద్దగలరు?

మహాత్మాగాంధీ తన ఆత్మకథలో చెప్పిన ఉదంతమొకటి ఇచట స్మరింపదగినది. ఆయన రాజకోటలోని ఉన్నత పాఠశాలలో చేరిన తొలి సంవత్సరమున ఒక పరీక్షాధికారి వచ్చి ఐదు ఆంగ్లపదములను వ్రాయించెను. అందు "కెటిల్" అను పదమును బాలగాంధీ తప్పుగా వ్రాసెను. ప్రక్కవాని పలకను చూచి దిద్దుకొమ్మని ఉపాధ్యాయుడు సైగ చేసినను, చూచి వ్రాయుట ఆయనకు చేతకాలేదు. తరగతిలో తక్కినవారందరును సరిగా వ్రాసిరి. ఆయన ఒక్కడే తప్పినవాడయ్యెను. ఆ తప్పు నేడు ఎవరికిని అవమానముగా తోచుట లేదు. పిమ్మట ఆ బాలుడే ఆంగ్లమున పత్రికలను నడపి, ఆ భాష మాటలాడు ప్రభువులతోనే వాదించెను.

అదే ఆత్మకథలో ఆయన మరియొక మాటను కూడ చెప్పెను. పై తరగతులలో పాఠములు ఆంగ్లమున బోధింపబడుటచే రేఖాగణితము తనకు మొదట ఏ మాత్రమును బోధపడలేదట. ఇది మనము మరువరాని సంగతి. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరమున ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడెను. ఒక పుటపై ఆంగ్లమును, ఎదుటి పుటపై తెలుగును గల పుస్తకములు అచ్చయినవి. ఎదుటి పుటలోని తెలుగును చూచుట చిన్నతనమని కొందరు విద్యార్థులు తలంతురు. అది పొరపాటు. విషయము తెలుగున తేటపడిన పిదప ఆంగ్లపు మాటలకు నిలువ నీడ దొరకును. తెలుగు ఆంగ్లమునకు అడ్డుగోడ కాదు. ఎక్కుటకు వేసిన నిచ్చెన.

పరభాషను నేర్చుట మనకు మాత్రమే కలిగిన కష్టము కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను అను ఆంగ్లేయుడు 1817లో మద్రాసునకు వచ్చి, ఉద్యోగధర్మముగా తెలుగును నేర్వ నారంభించెను. మన వరుసవావులును, సంధులును వానికి ఎంత వింతగా తోచియుండునో ఊహింపుడు! ఆయన వ్యాకరణముతోనే తృప్తి పడక, జనుల నోట నాడుచున్న వేమన పద్యములను వెదకి వెదకి చదివెను. పండితులను దగ్గర నుంచుకొని సందేహములు తీర్చుకొనెను. ఆ పద్యములను 1829లో ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. 1852లో ఆయన తెలుగు నిఘంటువు వెలువడెను. మన పండితులు ఆయన తొలి పలుకులను విని పరిహసించి పంపివేసినచో, నష్టము మనకే గదా! భాషలు ఇచ్చిపుచ్చుకొనుటచేతనే పెరుగును. ఆంగ్లమున "బాండికూట్" అను మాట మన పందికొక్కే అని తెలిసినచో, ఆ భాషతో మనకు చుట్టరిక మున్నట్లు తోచును.

బాలబాలికలారా! ఉపాధ్యాయుడు ఎంత మంచివాడైనను, పుస్తకము ఎంత సులభమైనదైనను, తరగతిలోని నవ్వును ఆపగలవారు మీరే. రేపు మీ తరగతిలో ఒకడు లేచి తప్పు ఆంగ్లమున నిజమైన మాటను చెప్పవచ్చును. అప్పుడు చెవి యొగ్గి వినుడు. తెలిసినచో మెల్లగా మాట నందింపుడు. మీ వంతు వచ్చినపుడు గైడులోని తండ్రిని విడిచి, మీ తండ్రిని గూర్చియే చెప్పుడు. నవ్విన నాపచేనే పండునని మన పెద్దలు చెప్పిరి. ఆ చేను పండుట నేను కన్నులార చూచితిని. కాని అది పండువరకు ఒక సంవత్సరకాలము ఒక బాలుడు మౌనముగా కూర్చుండెను. ఆ సంవత్సరమును వానికి తిరిగి ఇచ్చు శక్తి నాకు లేదు. మీ తరగతిలో ఎవ్వరికిని అట్టి సంవత్సరము రానీయకుండు శక్తి మీకు కలదు.