నాట్లకు ముందు చెప్పవలసిన మాట



సెప్టెంబరు 19ని అంతర్జాతీయ పాముకాటు అవగాహన దినంగా పాటిస్తారు. కొన్నేళ్ల క్రితం ఆ రోజున నేను పాముకాటు గురించి సుదీర్ఘమైన వ్యాసం వ్రాసి, బొమ్మలు జతచేసి, ఫేస్‌బుక్కులోనూ వాట్సాప్ గ్రూపులలోనూ పెట్టాను. చాలామంది మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం చల్లపల్లి వైపు నుండి, ఒకప్పుడు నా వద్ద వైద్యం చేయించుకున్న రైతు ఒకాయన ఫోను చేశారు. "మీరు రాసింది బాగుంది డాక్టరు గారూ. కానీ మా ఊళ్లో నాట్లయి నెల దాటింది. మా చేలో పనికొచ్చే ఆవిణ్ణి నాట్లలోనే పాము కరిచింది. మంత్రం వేయించి, తెల్లారాక ఆసుపత్రికి తీసుకెళ్లారు. మనిషి దక్కలేదు. ఇదే మాట ఆషాఢంలో చెప్పి ఉంటే బాగుండేదండీ" అన్నారు. ఆయన నిష్ఠూరంగా అనలేదు. ఎరువు వేయవలసిన అదను తప్పిందని చెప్పినంత మామూలుగా అన్నారు. అందుకే ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఈ వ్యాసం ముఖ్యంగా ఆసుపత్రులు, ల్యాబులు, మందుల దుకాణాలు, స్వచ్ఛంద సంస్థలు, కాలనీ సంఘాల తరఫున సామాజిక మాధ్యమాలలో ఆరోగ్య సందేశాలు పెట్టేవారి కోసం. వాటిని అందుకునే మనమందరమూ చదవవచ్చు.

ప్రతి జనవరిలో విజయవాడలోని ఏదో ఒక సంస్థ వారు తమ ఏడాది ప్రణాళికను చూసిపెట్టమని నాకు పంపుతారు. ఫిబ్రవరి 4 క్యాన్సర్, ఏప్రిల్ 7 ఆరోగ్యం, ఏప్రిల్ 25 మలేరియా, సెప్టెంబరు 29 గుండె, నవంబరు 14 మధుమేహం. మధ్యలో ఉగాదికీ సంక్రాంతికీ సంస్థ గుర్తుతో శుభాకాంక్షలు. అంతా రంగురంగులుగా, ముందే తయారై ఉంటుంది. ముందుగా తయారు కావడం మంచిదే. కానీ ఆ తేదీలు ఎక్కడో నిర్ణయమైనవి. ప్రకాశం బ్యారేజీ నుండి కాలువలకు నీరు ఎప్పుడు వదులుతారో, నారుమళ్లు ఎప్పుడు పోస్తారో, భవానీ మాల ఎప్పుడు వేసుకుంటారో వాటికి తెలియదు. వ్యాధులు మాత్రం వీటినే అనుసరించి వస్తాయి.

పాముకాటు సంగతే చూడండి. 2020లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో మరణిస్తున్నారు. వాటిలో సగం జూన్ నుండి సెప్టెంబరు మధ్య జరిగినవే. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు వరుసగా జరిగి, మోపిదేవి ఆలయంలో సర్పశాంతి యాగం చేసేవరకు వెళ్లింది. జనం ఎంత భయపడి ఉంటే అంతవరకు వెళుతుంది! నాట్లు వేసేది జులై, ఆగస్టు నెలలలో. సెప్టెంబరు 19 నాటికి మన డెల్టాలో చేటుకాలం చాలావరకు గడిచిపోతుంది. ఆ రోజున సందేశం పెట్టడం తప్పు కాదు, అది మళ్లీ వరికోతలకు పనికివస్తుంది. కానీ మొదటి సందేశం జూన్‌లోనే చేరాలి.

జూన్‌లో ఏ తేదీన అని అడిగితే నేను తేదీ చెప్పను, కబురు చెబుతాను. కాలువలకు నీరు వదిలే ముహూర్తం ఏటా మారుతుంది. 2015 తరువాత పట్టిసీమ ద్వారా గోదావరి నీరు రావడం మొదలై కొన్నేళ్లు ముందుగా వదిలారు, మరికొన్నేళ్లు ఆలస్యమైంది. నీటి విడుదల వార్త పత్రికలో కనిపించిన రోజే మీ పాముకాటు సందేశానికి సమయం. ఆ రోజే మరొకటి కూడా పంపవలసి ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు డెల్టా గ్రామాలు చెరువులలో నింపుకున్న నీటితోనే గడుపుతాయి. మే చివరికి ఆ నీరు అడుగంటుతుంది. తరువాత వచ్చే తొలి నీరు కాలువలోని మురికినంతా మోసుకొస్తుంది. అప్పుడు కాచి చల్లార్చిన నీరు త్రాగమని చెప్పకుండా, వాంతులు విరేచనాలు మొదలైన తరువాత ఓఆర్ఎస్ గురించి వ్రాయడం నాబోటి వాళ్లకు అలవాటైపోయింది.

ఇక ఎండల గురించి ఎక్కువ వ్రాయను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. 2015 మే నెలలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా మరణించారు. ఒక్క మాట మాత్రం. వడదెబ్బ హెచ్చరికను మధ్యాహ్నం రెండు గంటలకు పెట్టే సంస్థలను చూశాను. అప్పటికి తాపీ పనివాడు మండుటెండలోనే ఉంటాడు, ఫోను సంచిలో ఉంటుంది. అతడు ఫోను చూసేది రాత్రి ఎనిమిది తరువాత. రేపటి పని వేళను మేస్త్రీతో మాట్లాడుకునేదీ అప్పుడే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది 2024 వరద. ఆగస్టు 31న కురిసిన వానకు బుడమేరు పొంగి, మరునాటికి సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆ మూడు రోజులు మనందరి ఫోన్లలోనూ సందేశాలే సందేశాలు. ఎవరికి చేరాలో వారి ఇళ్లలో కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగు లేదు. పొడి నేల మీద ఉన్నవాళ్లం ఒకరికొకరం జాగ్రత్తలు చెప్పుకున్నాం. నీరు తీసి, ఫోన్లు వెలిగి, జనం ఇళ్లలోని బురద ఎత్తిపోసుకుంటున్నప్పటికి సంస్థలకు వరద పాతబడింది, వినాయక చవితి శుభాకాంక్షలు మొదలయ్యాయి.

వైద్యుని దృష్టిలో అసలు పని అప్పుడే మొదలవుతుంది. బురద ఎత్తేటప్పుడు కాళ్లు తెగితే ధనుర్వాతం సూది అవసరమా అని వైద్యుణ్ణి అడగాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో నడిచిన వారికి లెప్టోస్పైరోసిస్ సాధారణంగా అయిదు నుండి పద్నాలుగు రోజులకు బయటపడుతుంది: జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం. ఆ సమయంలో "వరదనీటిలో నడిచాను" అని వైద్యునికి చెప్పాలన్న ఒక్క వాక్యం ప్రాణం నిలపవచ్చు. డెంగీ దోమ గుడ్డు నుండి రెక్కలు వచ్చేవరకు వారం, పది రోజులు పడుతుంది. అది కుట్టాక జ్వరం రావడానికి మరో నాలుగు నుండి పది రోజులు. అంటే వరద గురించిన సందేశాలలో ముఖ్యమైనవి వరద తగ్గిన అయిదవ రోజున, పదవ రోజున, ఇరవయ్యవ రోజున పెట్టవలసినవి. వీటిని వేసవిలోనే తీరికగా వ్రాసి పెట్టుకోవచ్చు. వరద ఎప్పుడు వస్తుందో తెలియకపోయినా, వచ్చిన తరువాత ఏ రోజున ఏది వస్తుందో మనకు తెలుసు.

అన్నట్లు, మే 16న జరిపే జాతీయ డెంగీ దినాన్ని నేను తప్పుపట్టను. వానలకు ముందే తొట్లు, టైర్లు, కూలర్లు ఖాళీ చేయమనడానికి అది సరైన సమయమే. మే 17 నుండి నవంబరు వరకు మౌనంగా ఉండటంతోనే నాకు పేచీ.

ఆ మౌనాన్ని నింపేవారు వేరే ఉన్నారు. జ్వరాలు మొదలైన వారంలోనే బొప్పాయి ఆకు రసం వాట్సాప్‌లోకి వచ్చేస్తుంది. దాని వెనుకే "మీ ప్లేట్‌లెట్లు పడిపోయాయా?" అని ఎర్ర అక్షరాలతో పరీక్షల ప్యాకేజీల ప్రకటనలు. వ్యాపారం చేసుకోవద్దని నేను అనను, ల్యాబు నడవాలి కదా. కానీ జ్వరం తగ్గుతున్న రోజులలోనే డెంగీ ప్రమాదం ఎక్కువనీ, కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం కనిపిస్తే అంకె కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలనీ అదే ప్రకటనలో రెండు పంక్తులు చేర్చితే మీ ల్యాబుకు ఏమి నష్టం? భయపెట్టి రప్పించుకున్నవాడు ఒకసారే వస్తాడు.

నవంబరు 14న మధుమేహం గురించి అందరూ వ్రాస్తారు, వేపుళ్లు మాని నడవమంటారు. అదే రోజులలో మన ప్రాంతంలో వేలమంది అయ్యప్ప మాల, భవానీ మాల వేసుకుని చెప్పులు లేకుండా నడుస్తుంటారు, ఒంటిపూట భోజనం చేస్తుంటారు. పాదాలలో స్పర్శ తగ్గిన మధుమేహ రోగికి మేకు గుచ్చుకున్నా తెలియదు. చక్కెర తగ్గించే బిళ్ల వేసుకుని భోజనం మానితే కళ్లు తిరిగి పడిపోతాడు. దీక్ష మానమని నేను ఏ రోగికీ చెప్పలేదు. మాల వేసుకునే ముందు ఒకసారి రండి, మందు వేళలు మారుద్దాం, ప్రతి రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోండి అనేవాణ్ణి. ఈ మాట కార్తీకానికి ముందు చేరాలి, మాల మెడలో పడ్డాక ఎవరూ వైద్యుని దగ్గరకు రారు. రంజాన్ ఉపవాసాలకూ ఇదే వర్తిస్తుంది. అది ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనుక నిరుటి ప్రణాళికను ఈ ఏడు తిరిగి వాడితే కుదరదు.

రంగుల పోస్టరు కంటే అర నిమిషం గొంతు మేలని కూడా నా అనుభవం. నాట్లకు వెళ్లే తల్లి చదవలేకపోవచ్చు, వినగలదు. ఈ ఏడు కాలువలకు నీరు వదిలిన సాయంత్రం నేను పంపదలచిన మాట ఇది. మీ గొంతుతో, మీ యాసలో చెప్పి, మీ ఊరి గ్రూపులో పెట్టండి. నా పేరు అవసరం లేదు.

"అమ్మా, అయ్యా, చేలోకి నీళ్లొచ్చాయి, పాములూ బయటికొస్తాయి. చీకట్లో టార్చిలైటు లేకుండా గట్టు మీదకు వెళ్లొద్దు. నేల మీద పడుకోవద్దు, మంచమెక్కి దోమతెర కట్టుకోండి. కట్లపాము కరిస్తే నొప్పి కూడా తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి, కనురెప్పలు వాలిపోతుంటే పామేమో అనుకోండి. కరిచిన చోట కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించొద్దు. గాజులు, మెట్టెలు, ఉంగరాలు తీసేయండి. మనిషిని నడిపించొద్దు, కాలూ చెయ్యీ కదలకుండా మోసుకెళ్లండి. పాము కోసం వెతుకుతూ కూర్చోవద్దు. విరుగుడు సూది మందు ఏ ఆసుపత్రిలో ఉందో ఇవాళే అడిగి తెలుసుకోండి. మంత్రం కంటే ముందు 108కి ఫోను చేయండి."