పేరు మారిన చాలునా?

పేరు పెద్ద, ఊరు దిబ్బ యని మన పెద్దల సామెత. నేటి చమురు కంపెనీల ప్రకటనలను చదువునపుడు ఈ సామెత తరచు జ్ఞప్తికి వచ్చుచున్నది. నిన్నటివరకు నేలను తొలిచి చమురును తోడినవారు నేడు సూర్యుని గూర్చియు, గాలిని గూర్చియు పలుకుచున్నారు. ఆ పలుకులను గాక పెట్టుబడులను చూచి వారిని విశ్వసింపవలెనని మా అభిప్రాయము.

బి.పి. అను బ్రిటిష్ కంపెనీ 2000 సంవత్సరమున పచ్చని సూర్యచిహ్నమును ధరించి, పెట్రోలియమును దాటి పోవుదుమను నినాదమును చేపట్టినది. 2010లో మెక్సికో సింధుశాఖలో దాని బావి ప్రేలి 11 మంది కార్మికులు మరణించిరి. 2030 నాటికి చమురు, వాయువుల ఉత్పత్తిని 40 శాతము తగ్గింతుమని 2020లో ప్రకటించి, 2023లో దానిని 25 శాతమునకు కుదించి, 2025లో ఆ లక్ష్యమునే విడిచి, చమురుపై పెట్టుబడిని పెంచినది.

డెన్మార్కు కథ వేరు. ఆ దేశ ప్రభుత్వము 1970 దశకమున నెలకొల్పిన చమురు, వాయు సంస్థ 2017లో ఆ వ్యాపారమును అమ్మివేసి, విద్యుత్తునకును అయస్కాంతమునకును గల సంబంధమును 1820లో కనుగొన్న ఓర్‌స్టెడ్ పేరు దాల్చినది. ఇచట పేరు కంటె పని ముందు నడచినది. తరువాత ఈ సంస్థలో కలిసిన కంపెనీలలో ఒకటి 1991లోనే విండెబీ కడ సముద్రములో 11 గాలిమరలను నిలిపెను. ప్రపంచమున అట్టి కేంద్రములలో అదియే మొదటిది. ఐనను ఇది పూలబాట కాదు. 2023లో అమెరికాలోని న్యూజెర్సీ తీరమున తలపెట్టిన రెండు కేంద్రములను, ఖర్చులును వడ్డీలును పెరుగుటచే, విరమించుకొన్నది. అమ్మివేసినంత మాత్రమున బావి ఇంకిపోదనియు, యజమాని మాత్రమే మారుననియు మరువరాదు.

మన గోదావరి సీమకును ఈ ప్రశ్న దూరము కాదు. 1995లో పాశర్లపూడి బావిలో రేగిన మంట రెండు మాసములకు పైగా ఆరలేదు. ఆ బావిని త్రవ్విన ఓ.ఎన్.జి.సి. 2038 నాటికి తన కార్యకలాపముల వలన కలుగు కర్బన ఉద్గారములను నికరముగా శూన్యము చేయుదుమని ప్రకటించినది. ఇది మెచ్చదగినదే. కాని కొన్నవారు కాల్చిన చమురు నుండి వెలువడు పొగ ఈ లెక్కలో చేరదు.

రేపే చమురును మానుడని మేము కోరుట లేదు. మన బస్సులు, వంటశాలలు, గల్ఫ్ దేశములకు పోయిన మన అన్నదమ్ముల కొలువులు ఇంకను దానిపై ఆధారపడియున్నవి. అందుచేతనే మార్పు నిజమైనదిగా ఉండవలెను. నూరు రూపాయలలో ఎన్ని బావికి, ఎన్ని గాలికి? కార్మికునికి క్రొత్త పని నేర్పునదెవరు? మాట తప్పిన జవాబుదారి యెవరు? కామర్సు విద్యార్థులు ఆదాయ వ్యయముల పట్టికలోను, సైన్సు విద్యార్థులు పొగ లెక్కలోను ఈ ప్రశ్నలకు సమాధానములు వెదకవలెను. ఆ తరువాతనే కంపెనీల క్రొత్త పేర్లను మెచ్చుకొందము.